"అర్థమైందా?" అని కాకుండా ఏమడగాలి: తరగతిలో ప్రశ్నలు వేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

పాఠం సగానికి వచ్చాక మనలో చాలామంది నోట అలవాటుగా వచ్చే మాట "అర్థమైందా?". వెంటనే తరగతంతా "అర్థమైందీ సార్" అని రాగం తీస్తుంది. ఆ రాగం వింటేనే తెలిసిపోతుంది, అందులో ఎంతమందికి నిజంగా అర్థమైందో. అయినా పేజీ తిప్పేస్తాం. సిలబస్ ఉంది, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష దగ్గరపడింది, పైగా అందరూ అర్థమైందన్నారు కదా.

దీనికి తోబుట్టువు లాంటిది ఇంకొకటుంది. "మొక్కలు ఆహారం తయారుచేసుకోవడాన్ని కిరణజన్య సంయోగ..." అని మనం ఆగితే, పిల్లలు "క్రియా" అని పూర్తిచేస్తారు. చెప్పింది పిల్లలే గానీ ఆలోచించింది ఎవరూ లేరు. సింక్లెయిర్, కూల్తార్డ్ అనే భాషాశాస్త్రవేత్తలు తరగతి గదుల్లోని మాటలను పరిశీలించి 1975లో ఒక వరసను చూపించారు: టీచరు అడుగుతారు, పిల్లవాడు బదులిస్తాడు, టీచరు దానిమీద ఏదో ఒకటి అంటారు, అక్కడితో ఆ ముచ్చట ముగుస్తుంది. వాళ్లు చూసినవి ఇంగ్లండు బడులు. మన బడిలో ఏ గది గుమ్మం దగ్గర నిలబడి విన్నా ఇదే వరస వినిపిస్తుంది.

ఈ మార్గదర్శి మొత్తానికి నేను పట్టుకున్న కొలబద్ద ఒక్కటే. జవాబు విన్నాక మీరు చెప్పబోయే పాఠంలో ఏదైనా మారే అవకాశం ఉందా? ఉంటే అది అడగాల్సిన ప్రశ్న. పిల్లలు ఏం చెప్పినా మీరు అదే దారిన వెళ్లేట్టయితే, ఆ ప్రశ్న అడిగినా అడగకపోయినా ఒకటే.

మొదటి పని: ముందురోజే రెండు ప్రశ్నలు రాసిపెట్టుకోవడం

మంచి ప్రశ్న నిలబడ్డ పాటున తట్టడం అరుదు. నల్లబల్ల ముందు నిలబడి అప్పటికప్పుడు అడిగితే నోటికి వచ్చేవి "ఏమిటి, ఎక్కడ, ఎవరు" ప్రశ్నలే. అందుకే లెసన్ ప్లాన్ రాసేటప్పుడే రెండు ప్రశ్నలు రాసుకోండి. పది వద్దు, రెండు చాలు. పీరియడ్ నలభై, నలభై ఐదు నిమిషాలే కదా.

ఆ రెండూ ఎక్కడి నుంచి వస్తాయి? పాఠంలో ముఖ్యమైన వాక్యాల నుంచి కాదు. పిల్లలు ఎక్కడ తప్పుగా అనుకుంటారో అక్కడి నుంచి. పాఠం చదువుతూ "ఇక్కడ మా పిల్లలు ఏమనుకుంటారు?" అని మిమ్మల్ని మీరు అడగండి. ఒకే పాఠాన్ని నాలుగైదేళ్లు చెప్పినవారికి జవాబు ఇట్టే దొరుకుతుంది. కొత్తవారైతే పోయినేటి జవాబు పత్రాలు తిరగేయండి. ఒకే తప్పు పాతిక పేపర్లలో కనిపించిందంటే మీ ప్రశ్న అక్కడే ఉంది.

రుతువుల పాఠమే చూడండి. "రుతువులు ఎందుకు ఏర్పడతాయి?" అని అడిగితే "భూమి అక్షం వంగి ఉండటం వల్ల" అని పుస్తకంలోని మాటే తిరిగొస్తుంది. లోపల మాత్రం చాలామంది పిల్లలు, నిజం చెప్పాలంటే చాలామంది పెద్దలు కూడా, వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందనే అనుకుంటారు. కాబట్టి ప్రశ్నను ఇలా పెట్టండి: "భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, అంటే సంక్రాంతికి కాస్త ముందు. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో 15.2 కోట్లు. మరి దగ్గరగా ఉన్నప్పుడు మనకు చలి ఎందుకు వేస్తోంది?" పుస్తకంలో ఉన్న వాక్యం ఇక్కడ నేరుగా అతకదు. పిల్లవాడు తను నమ్మినదాన్ని బయటపెట్టి తీరాలి.

ప్రశ్న పక్కనే రాగల తప్పు జవాబులు రెండో మూడో రాసుకోండి, ఒక్కోటి వస్తే ఏం చేస్తారో ఒక ముక్కలో రాసుకోండి. లెసన్ ప్లాన్‌లో ఎక్కువ ఫలితమిచ్చే వరస ఇదే, అయినా చాలా ఫార్మాట్లలో దీనికి గడి కనిపించదు.

బ్లూమ్ వర్గీకరణ (నేర్చుకోవడాన్ని జ్ఞాపకం నుంచి మొదలుపెట్టి మెట్లుగా పేర్చిన పట్టిక) సంగతి ఏమిటంటారా? 1956 నాటి ఆ మెట్లు బీఈడీలో అందరం బట్టీ పట్టినవే. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు పనికొస్తాయి. రోజూ పాఠం చెప్పేటప్పుడు మాత్రం "ఇది ఏ మెట్టు ప్రశ్న?" అని చూసుకోవడం కన్నా "ఇది ఏ తప్పును బయటపెడుతుంది?" అని చూసుకోవడమే నాకు మేలనిపిస్తుంది. జ్ఞాపకం ప్రశ్నలు చిన్నచూపు చూడాల్సినవేమీ కావు. ఎక్కాలు, సూత్రాలు, సంధుల పేర్లు చటుక్కున రావాలి, వాటిని చటుక్కునే అడగాలి.

రెండో పని: ప్రశ్నను మాటల్లో పెట్టడం

"కిరణజన్య సంయోగక్రియ అనగానేమి?" అన్నదాన్ని తీసుకుందాం. దీన్ని ఇలా మార్చి చూడండి: "బడి ఆవరణలో ఉన్న వేపచెట్టు ఒకప్పుడు చిన్న గింజ. ఇప్పుడు దాని బరువు ఎన్నో క్వింటాళ్లు. ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది?" ఎక్కువమంది "మట్టిలోంచి" అంటారు. అప్పుడు వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త సంగతి చెప్పొచ్చు. ఆయన 200 పౌన్ల ఎండుమట్టి తూచి తొట్టిలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 169 పౌన్లు అయింది. మట్టి మాత్రం రెండు ఔన్సులు తగ్గింది, అంతే. 1648లో, ఆయన పోయాక, ఈ ప్రయోగం అచ్చయింది. బరువంతా నీళ్ల నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. "ఆయన చెప్పింది ఎంతవరకు ఒప్పు? లెక్కలోకి తీసుకోనిది ఏమిటి?" అని అడిగితే, పిల్లలు గాలి దాకా తమంతట తాము రాగలరు. ఒక శాస్త్రవేత్త సగం తప్పాడని తెలిశాక తప్పు చెప్పడానికి పిల్లలకూ భయం తగ్గుతుంది.

మాటల విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే. "ఆవిరి అంటే ఏమిటి, ఎలా తయారవుతుంది, బట్టలు ఎందుకు ఆరతాయి, ఎవరు చెబుతారు?" అని గుక్క తిప్పకుండా అడిగితే పిల్లవాడు దేనికి జవాబు చెప్పాలి? జవాబును ప్రశ్నలోనే దాచి పెట్టకండి. "ఇది లంబకోణ త్రిభుజమే కదా?" అంటే అవునని తప్ప ఇంకేం చెబుతారు? "ఎందుకలా రాశావ్?" అన్నది మన ఇళ్లలో తిట్టుకు ముందు వచ్చే మాట. వినగానే పిల్లవాడు రబ్బరు తీసి చెరిపేస్తాడు, రాసింది ఒప్పే అయినా సరే. "ఎలా ఆలోచించావో చెప్పమ్మా" అనండి.

భాష గురించి కూడా చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడులు ఇంగ్లిష్ మీడియం వైపు మళ్లాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఆలోచన పుట్టించే ప్రశ్నను ఇంగ్లిష్‌లో మాత్రమే అడిగితే, పిల్లవాడి శక్తి అంతా వాక్యం కూర్చుకోవడానికే ఖర్చవుతుంది, ఆలోచనకు మిగలదు. ప్రశ్న రెండు భాషల్లోనూ అడగండి, మొదటి జవాబు ఏ భాషలో వచ్చినా తీసుకోండి, తర్వాత దాన్నే ఇంగ్లిష్‌లో చెప్పించండి. ఆదిలాబాద్‌లోనో పాడేరులోనో ఉన్న బడుల్లో చాలామంది పిల్లలకు తెలుగే రెండో భాష. గోండి, కువి మాట్లాడే ఇద్దరు పిల్లలు ముందు తమలో తాము మాట్లాడుకుని ఆ తర్వాత మీకు చెప్పేలా చూడండి. మీకా భాష రాకపోయినా ఫరవాలేదు.

మూడో పని: అడిగాక నోరు మూసుకోవడం

అన్నిటికన్నా చిన్నపని, అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. అమెరికాలో సైన్సు బోధన మీద పనిచేసిన మేరీ బడ్ రో 1970లలో తరగతుల ఆడియో టేపులు విని లెక్కలు కట్టారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఆగేది సుమారు ఒక్క సెకను. ఆలోపు ఎవరూ చెప్పకపోతే ప్రశ్న మార్చేస్తున్నారు, లేదా జవాబు తామే చెప్పేస్తున్నారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లు, అంతకు మించి చేస్తే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరెత్తనివారు కూడా మాట్లాడారు.

మూడు సెకన్లు తక్కువేమీ కాదు. ముందు నిలబడి చూస్తే ఎంత బరువో తెలుస్తుంది. యాభైమంది కళ్లు మీ మీదే ఉంటాయి. నిశ్శబ్దం చూసి పక్క గది టీచరు ఏమనుకుంటారో అని కూడా అనిపిస్తుంది. మనసులో ఐదు అంకెలు నెమ్మదిగా లెక్కపెట్టండి, లేదా వెనక్కి తిరిగి ప్రశ్నను బోర్డు మీద రాయండి. పిల్లలకూ ముందే చెప్పేయండి: "నేను అడిగాక కాసేపు ఎవరూ చెప్పొద్దు, అందరూ ఆలోచించాలి." చెప్పకుండా ఆగితే, తాము తప్పు చేశామేమో అనుకుంటారు.

రెండో విరామాన్ని మనం అసలు పట్టించుకోం. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా రెండు మూడు సెకన్లు ఊరుకోండి. మీ మొహంలో ఒప్పు, తప్పు కనిపించకూడదు. చాలాసార్లు ఆ ఖాళీలో వాడే "అంటే సార్, నేననేదేంటంటే..." అని మొదలుపెడతాడు. అసలు సంగతి ఆ రెండో వాక్యంలో ఉంటుంది.

నాలుగో పని: ఎవరిని అడగాలో తేల్చుకోవడం

చెయ్యెత్తినవారినే అడిగితే పాఠం మొదటి రెండు బెంచీలతోనే నడుస్తుంది. ఆ నలుగురైదుగురి జవాబులు విని తరగతంతటికీ వచ్చేసిందనుకుంటాం. లండన్‌లో బోధన మూల్యాంకనం మీద ఏళ్ల తరబడి పనిచేసిన డిలన్ విలియం, సందేహం అడగడానికి తప్ప చెయ్యెత్తే పద్ధతే వద్దంటారు. మన తరగతికి కావాల్సిన సరంజామా ఇది: ఐస్‌క్రీం పుల్లల మీద రోల్ నంబర్లు రాసి ఒక డబ్బాలో వేయండి. ముందు ప్రశ్న, తర్వాత విరామం, ఆ తర్వాతే పుల్ల. ఈ వరస తప్పకూడదు. ముందే పేరు పిలిచి ప్రశ్న అడిగితే మిగతా నలభై తొమ్మిదిమంది హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. తీసిన పుల్లను మళ్లీ డబ్బాలోనే వేయండి, లేకపోతే ఒకసారి చెప్పినవాడికి ఆ రోజుకి సెలవే.

పుల్లలతో ఒక ప్రమాదం ఉంది. బెరుకు పిల్లలకు అది శిక్షలా అనిపించవచ్చు. అందుకని ఆలోచించాల్సిన ప్రశ్న అయితే పుల్ల తీసే ముందు ఒక్క నిమిషం పక్కవాళ్లతో మాట్లాడుకోనివ్వండి. ముందు ఒంటరిగా ఆలోచించడం, తర్వాత జంటగా చర్చించడం, ఆపై అందరికీ చెప్పడం అనే ఈ పద్ధతికి 1981లో రూపమిచ్చింది ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త. జంటలో తేలిన జవాబు చెప్పేటప్పుడు తప్పయినా అది ఒక్కరి తప్పు కాదు. "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అని అడిగితే వెనక బెంచీ అమ్మాయి గొంతు కూడా వినిపిస్తుంది.

ప్రాథమిక తరగతుల్లో అయితే పలకను మించినది లేదు. అందరూ రాసి ఒక్కసారి పైకెత్తితే, ముప్పై జవాబులు రెండు చూపుల్లో చదివేయొచ్చు. హైస్కూల్లో పలకలు తెమ్మంటే నవ్వుతారు. రఫ్ నోట్సు చివరి పేజీలో పెద్ద అక్షరాలతో రాయిస్తే అదే పని జరుగుతుంది.

"తెలీదు సార్" అన్నవాణ్ణి నిలబెట్టకండి, అలాగని వదిలేయకండి. "సరే, ఇంకో ఇద్దరు చెప్పేది విను, మళ్లీ నీ దగ్గరికి వస్తా" అనండి. తప్పకుండా వెళ్లండి. "వాళ్లిద్దరిలో నువ్వు ఎవరి వైపు? ఎందుకు?" ఈ ప్రశ్నకు ఎవరైనా జవాబు చెప్పగలరు. నాలుగు రోజులు ఇలా జరిగితే, తెలీదు అన్నది తప్పించుకునే దారి కాదని తరగతికి అర్థమవుతుంది.

ఐదో పని: జవాబును పట్టుకోవడం

ప్రశ్న ఎంత మంచిదైనా, జవాబు రాగానే "వెరీ గుడ్, కూర్చో" అన్నామంటే అక్కడితో చచ్చిపోతుంది. ఆరో తరగతిలో సాంద్రీకరణం పాఠం ఎలా నడపొచ్చో చూడండి. టీచరు బల్ల మీద స్టీలు గ్లాసులో మంచునీళ్లు పెట్టారు. కాసేపటికి బయట చుక్కలు పట్టాయి.

"ఈ చుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి?"

"లోపలి నీళ్లే టీచర్, బయటికి ఊరాయి."

"ఊరాయి అంటున్నావు. ఇంకెవరైనా అలాగే అనుకుంటున్నారా?" సగం చేతులు లేచాయి. "ఎలా అనుకున్నారో చెప్పండి."

"మా ఇంట్లో కుండ కూడా ఇట్లనే తడుస్తది టీచర్."

ఇక్కడ ఆగుదాం. పిల్లవాడు చెప్పింది తెలివైన మాట. మట్టికుండకు నిజంగానే సన్నని రంధ్రాల గుండా నీళ్లు ఊరతాయి. వాడు చూసిన నిజాన్నే స్టీలు గ్లాసుకు కూడా వర్తింపజేశాడు. "తప్పు, గాలిలోని నీటిఆవిరి చల్లబడి..." అని మొదలుపెడితే ఆ పిల్లవాడు వినడు. నోట్సులో ఒకటి రాసుకుంటాడు, ఇంట్లో కుండను చూసి ఇంకొకటి నమ్ముతాడు.

"కుండ సంగతి నిజమే, బాగా గమనించావు. మరి గ్లాసు కూడా అలాగే ఊరుతుంటే, లోపల ఎర్ర సిరా కలిపిన నీళ్లు పోద్దాం. బయట చుక్కలు ఏ రంగులో ఉండాలి?"

"ఎర్రగా ఉండాలి టీచర్."

"ఉండకపోతే?"

"అప్పుడు... లోపలివి కావు."

ఈ "ఉండకపోతే?" అన్న ఒక్క మాట పాఠాన్ని నిలబెట్టింది. టీచరు తప్పని అనలేదు. పిల్లవాడి ఊహను వాడి చేతే పరీక్షకు పెట్టించారు. తర్వాత రంగునీళ్లు పోసి చూపించడం రెండు నిమిషాల పని. మిగిలే ప్రశ్న, "లోపలివి కాకపోతే మరెక్కడివి?" అన్నది, ఇప్పుడు పిల్లలే అడుగుతారు. (ఈ ప్రయోగం వానాకాలంలో పెట్టుకోండి. గాలిలో తేమ లేని రోజున చుక్కలు పట్టవు, టీచరు గ్లాసు వైపు చూస్తూ నిలబడాల్సి వస్తుంది.)

చేతిలో ఉంచుకోవాల్సిన కొనసాగింపు ప్రశ్నలు నాలుగైదు చాలు. ఎలా తెలిసింది? అది తప్పయితే ఏం కనిపించాలి? తను చెప్పింది నీ మాటల్లో చెప్పు. నువ్వు ఒప్పుకోవా, ఎక్కడ? ఇది ఎప్పుడూ నిజమేనా? ఒప్పు జవాబు వచ్చినప్పుడు కూడా వీటిని అడగండి. తప్పుకే అడిగితే, "ఎలా తెలిసింది?" అనగానే తప్పు చెప్పానని పిల్లలు పసిగట్టి జవాబు మార్చేస్తారు.

ఇంకొక అలవాటు: పిల్లవాడు మెల్లగా చెప్పిన జవాబును మనం గట్టిగా తిరిగి చెప్పడం. వినపడాలనే చేస్తాం. కానీ దానివల్ల టీచరు ఎలాగూ చెబుతారులే అని తోటివాడి మాట వినడం మానేస్తారు. "వెనక వాళ్లకు వినిపించేలా చెప్పు నాన్నా" అని వాడి చేతే చెప్పించండి.

ఆరో పని: మలుపు దగ్గర ఒక ప్రశ్న

పాఠం మధ్యలో, ముందుకు వెళ్లాలా వెనక్కి రావాలా అని తేల్చుకోవాల్సిన చోట ఒక బహుళైచ్ఛిక ప్రశ్న పెట్టండి. అందరూ ఒకేసారి వేళ్లతో జవాబు చూపాలి. పక్కవాళ్లను చూసి మార్చుకోకుండా వేళ్లు గుండెకు ఆనించి చూపించమనండి.

ఇలాంటి ప్రశ్న తయారుచేయడంలోనే పనితనమంతా ఉంది. దశాంశాలు తీసుకోండి. "0.8, 0.35లలో ఏది పెద్దది?" అని అడిగితే ఎక్కువమంది 0.8 అనొచ్చు. మనం సంతోషిస్తాం. కానీ అందులో ఇద్దరు రకాల పిల్లలున్నారు. ఒకరికి దశాంశాలు వచ్చు. ఇంకొకరు "పాయింట్ తర్వాత అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దది" అనుకుంటారు, ఎందుకంటే పదోవంతు కన్నా వందోవంతు చిన్నదని విన్నారు. ఇద్దరి జవాబూ ఒకటే. ఆ ప్రశ్న వాళ్లను విడదీయలేదు.

ఇలా మార్చండి: 0.3, 0.45, 0.278లలో ఏది పెద్దది? 278ని పూర్ణసంఖ్యలా చదివేవాడు మూడోది చూపిస్తాడు. అంకెలు తక్కువుంటే పెద్దదనుకునేవాడు మొదటిది చూపిస్తాడు. దశాంశ స్థానాలు తెలిసినవాడు రెండోది. వేళ్లు చూడగానే ఎవరి తలలో ఏముందో మీకు తెలిసిపోతుంది, ఎవరికి ఏ మందు వేయాలో కూడా. సున్నా పాయింట్ రెండు వందల డెబ్బై ఎనిమిది అని మనం చదువుతున్నామా అన్నది కూడా అప్పుడు చూసుకోవాలి, సున్నా పాయింట్ రెండు ఏడు ఎనిమిది అనడమే మేలు.

ఫలితాన్ని బట్టి ఏం చేయాలి? దాదాపు అందరూ ఒప్పు చూపిస్తే ముందుకు వెళ్లండి, తప్పిన ఇద్దరు ముగ్గురిని తర్వాత పిలవండి. దాదాపు అందరూ తప్పితే మళ్లీ చెప్పండి, కానీ ఇందాకటిలాగే కాదు. వంద గడుల కాగితం మీద రంగు వేయిస్తూ ఇంకో దారిలో చెప్పండి. సగం సగం చీలితే మీ అదృష్టం. వేరే జవాబు చూపించినవాణ్ణి వెతుక్కుని ఒప్పించమనండి, రెండు నిమిషాలయ్యాక మళ్లీ వేళ్లు ఎత్తించండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మన ఏడో తరగతి పిల్లలూ దీన్ని బ్రహ్మాండంగా చేస్తారు, కాకపోతే గోల ఎక్కువ. హెడ్మాస్టరు గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఏడో పని: పిల్లల ప్రశ్నలకు చోటివ్వడం

మన రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ (పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ) సైన్సు పుస్తకాల్లో "ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం" అని ఒక విద్యాప్రమాణం పెట్టారు. పరీక్షలో దానికి తగ్గ ప్రశ్న వస్తుంది గనుక దానికీ జవాబులు బట్టీ పట్టించే గైడ్లు వచ్చేశాయి. అడగాల్సిన ప్రశ్నను కూడా కంఠస్థం చేయించడం మనకే చెల్లింది.

"డౌట్లు ఉన్నాయా?" అని చివర్లో అడిగితే ఉండవు. "ఈ పాఠంలో మీకు వింతగా అనిపించింది ఒకటి రాయండి" అని కాగితం ముక్క చేతికిచ్చి చూడండి, పేరు రాయక్కర్లేదనండి. మర్నాడు రెండిటిని చదివి వాటితోనే పాఠం మొదలుపెట్టండి. మీకు జవాబు తెలియని ప్రశ్న వస్తే, తెలియదని చెప్పి బోర్డు మూలన రాసి ఉంచండి. వారం లోపు ఎవరు కనుక్కున్నా చెప్పొచ్చు.

చివరి పని: మిమ్మల్ని మీరు వినడం

ఫోనులో ఆడియో రికార్డు పెట్టి చొక్కా జేబులోనో బల్ల మీదో ఉంచండి. వీడియో వద్దు, పిల్లల మొహాలు అక్కర్లేదు. పది నిమిషాల పాఠం చాలు. ఇంటికెళ్లి వింటూ ఒక కాగితం మీద మూడు గీతలు గీయండి: "అర్థమైందా", "కదా" లాంటివి ఎన్ని, అడిగాక ఎన్ని సెకన్లు ఆగాను, పిల్లల జవాబుల్లో ఒక్క ముక్కను మించినవి ఎన్ని. విన్నాక ఆ ఫైలు తీసేయండి.

అన్నీ ఒకేసారి మార్చబోతే ఏదీ మారదు. మొదటి రెండు వారాలు విరామం ఒక్కటే పట్టుకోండి, మీకు బాగా పట్టున్న ఒక్క తరగతిలోనే. పుల్లల డబ్బా ఆ తర్వాత. మలుపు ప్రశ్నలు వారానికి ఒకటి తయారైనా ఏడాది చివరికి ఒక నోటుబుక్కు నిండుతుంది. దాన్ని స్టాఫ్‌రూంలో పక్క సెక్షను టీచరుతో పంచుకుంటే, వాళ్లూ తమవి ఇస్తే, వచ్చే జూన్‌లో బడి తెరిచేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.